హోటల్ వైఫై: మొదటి ఐదు నిమిషాల్లోనే అసలు సంగతి

చెన్నై గ్రీమ్స్ రోడ్డు పక్క సందుల్లోని లాడ్జిల్లో తమిళంతో పాటు తెలుగు కూడా మామూలుగా వినబడుతుంది. నెల్లూరు, గూడూరు, తిరుపతి, కడప నుంచి ఆపరేషన్‌కో చెకప్‌కో వచ్చినవాళ్లు రెండు రోజులనుకుని దిగి రెండు వారాలు ఉండిపోతారు. పేషెంట్ ఆసుపత్రిలో ఉంటే తోడు వచ్చినవాళ్ల ఉద్యోగం, వ్యాపారం లాడ్జి గదిలో లాప్‌టాప్ మీద నడుస్తుంటాయి. ఇన్సూరెన్స్ కాగితాలు అప్‌లోడ్ చేయాలి. ఫిక్సెడ్ డిపాజిట్ మధ్యలోనే తీయాలి. ఈలోగా 20వ తేదీ వచ్చేస్తే జీఎస్టీఆర్-3బి అనే నెలవారీ జీఎస్టీ రిటర్ను వేయాలి. రిసెప్షన్ గోడకు అంటించిన కాగితం మీద వైఫై పేరు, పాస్‌వర్డ్ రాసి ఉంటాయి. దీని మీద బ్యాంకు సైటు తెరవొచ్చా, వద్దా అన్న టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

ఈ ప్రశ్నకు చుట్టూ రెండు జవాబులు దొరుకుతాయి. హోటల్ వైఫై ముట్టుకుంటే ఖాతా ఖాళీ అని వాట్సాప్ ఫార్వర్డులు భయపెడతాయి. ‘అందరూ వాడుతున్నారు సార్, ఏం కాదు’ అని రిసెప్షన్‌లో కుర్రాడు ధైర్యం చెబుతాడు. మొదటిది పదిహేనేళ్ల కిందటి భయం. రెండోదాన్ని జవాబు అనలేం. ఇంటర్నెట్‌లో మన సమాచారం ప్రయాణించే దారి ఇప్పుడు చాలావరకు భద్రంగానే ఉంది. చిక్కంతా ఆ దారి ఎక్కే చోటే: ఏ పేరును ఎంచుకున్నాం, మొదట తెరుచుకున్న పేజీలో ఏం టైపు చేశాం, పక్కగదివాళ్లకు మన లాప్‌టాప్ ఏయే తలుపులు తీసి పెట్టింది.

పాత భయం ఉత్తిది మాత్రం కాదు. 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామర్ ఫైర్‌షీప్ అనే చిన్న ప్రోగ్రామును బయటపెట్టాడు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు దాన్ని తగిలించి, పాస్‌వర్డ్ లేని వైఫై ఉన్న కాఫీ షాపులో కూర్చుంటే చాలు. అదే వైఫైలో ఫేస్‌బుక్, ట్విట్టర్ చూస్తున్నవాళ్ల పేర్లు పక్కన వరుసగా వచ్చేవి. పేరు మీద నొక్కితే వాళ్ల ఖాతాలోకి వాళ్లలాగే దూరిపోవచ్చు. అప్పట్లో చాలా సైట్లు లాగిన్ పేజీని మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేసేవి, అంటే మధ్యలో ఎవరూ చదవలేని సంకేతాలుగా మార్చేవి. ఆ తర్వాత ‘ఇతను లాగిన్ అయినవాడే’ అని చెప్పే కుకీని బట్టబయలుగా పంపేవి. దాన్ని గాల్లో పట్టుకున్నవాడికి పాస్‌వర్డుతో పనే లేదు. పెద్ద కంపెనీలు ఈ లొసుగును పట్టించుకునేలా చేయడమే బట్లర్ ఉద్దేశం. ఒక్కొక్క సైటూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా హెచ్‌టీటీపీఎస్‌కు, అంటే ఎన్‌క్రిప్ట్ అయిన దారికి మారింది. 2015 డిసెంబరు నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ అందుకు కావలసిన సర్టిఫికెట్లను అందరికీ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక చిన్నాచితకా సైట్లు కూడా ఆ దారి పట్టాయి.

అందుకని ఈ రోజు లాడ్జి రౌటర్ దగ్గర చెవి పెట్టుకుని కూర్చున్నవాడికి తెలిసేది చాలా తక్కువ. ఏ సైటుకు వెళ్లారో తెలుస్తుంది, ఎంతసేపు ఉన్నారో తెలుస్తుంది. అక్కడ ఏం చదివారో, ఏ పాస్‌వర్డ్ కొట్టారో తెలియదు. అయితే సైటు పేరు కూడా ఒక్కోసారి గుట్టే. అర్ధరాత్రి క్యాన్సర్ ఆసుపత్రి సైటు నుంచి నేరుగా లోను కంపెనీ సైటుకు వెళ్లినవాళ్ల పరిస్థితి ఊహించడానికి లోపలి అక్షరాలు అక్కర్లేదు.

గోడ మీది పాస్‌వర్డ్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పాస్‌వర్డ్ ఉంది కాబట్టి వైఫైకి తాళం ఉందని చాలామంది అనుకుంటారు. వైఫై భద్రతకు ఎక్కువగా వాడే డబ్ల్యూపీఏ2 పద్ధతిలో ప్రతి లాప్‌టాప్‌కూ విడిగా ఒక రహస్య తాళంచెవి తయారవుతుంది, నిజమే. కానీ అది తయారయ్యేది ఆ ఉమ్మడి పాస్‌వర్డ్ నుంచి, కలిసేటప్పుడు రౌటరూ లాప్‌టాపూ గాల్లో బాహాటంగా ఇచ్చిపుచ్చుకునే కొన్ని అంకెల నుంచి. పాస్‌వర్డ్ తెలిసినవాడు ఆ అంకెల్ని కూడా వింటే అదే తాళంచెవిని తనూ తయారుచేసుకోగలడు. లాడ్జిలో దిగిన ప్రతివాడికీ పాస్‌వర్డ్ తెలుసు. నిన్న ఖాళీ చేసి వెళ్లినవాడికీ తెలుసు, ఎదురు టీకొట్టువాడికీ తెలిసే ఉంటుంది. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఈ లోపాన్ని సరిదిద్దింది గానీ, లాడ్జి మెట్ల మలుపులో దుమ్ము పట్టిన పాత రౌటర్‌లో అది ఉంటుందని ఆశించడం దండగ. కాబట్టి వైఫై తాళాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే మంచిది. కాపాడేది హెచ్‌టీటీపీఎస్ ఒక్కటే అనుకుని మిగతా లెక్క వేసుకోవాలి.

పేరు చూసి మోసపోవద్దు

వైఫై పేరును ఎవరైనా పెట్టుకోవచ్చు. ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి దానికి లాడ్జి పేరు పక్కన ‘గెస్ట్’ అని తగిలించడానికి అర నిమిషం పట్టదు. గోడలు ఆనుకుని ఐదారు లాడ్జిలున్న సందులో లాప్‌టాప్ తెరిస్తే ఇరవై పేర్లు కనబడతాయి. అందులో మూడు ఒకేలా ఉంటాయి, ఒకదానికి ఐదు గీతల సిగ్నల్ ఉంటుంది. మనిషి చెయ్యి సహజంగా గీతలు ఎక్కువున్న దాని మీదికి పోతుంది. మోసగాడికీ ఆ సంగతి తెలుసు.

రిసెప్షన్‌లో అడిగి అక్షరం అక్షరం సరిచూసుకోవడం కనీస జాగ్రత్త. దానితో పూర్తిగా నిశ్చింత అని మాత్రం చెప్పలేం, ఎందుకంటే అచ్చంగా అదే పేరు, అదే పాస్‌వర్డుతో ఇంకొకడు నకిలీ వైఫై నడపొచ్చు. తప్పు పాస్‌వర్డ్ కొట్టి చూడండి, నకిలీదైతే ఒప్పుకుంటుంది అని ఒక చిట్కా తిరుగుతుంటుంది. అసలు పాస్‌వర్డ్ గోడ మీదే ఉన్నప్పుడు నకిలీవాడు తప్పుదాన్ని ఎందుకు ఒప్పుకుంటాడు? అసలుదో నకిలీదో తేల్చే నమ్మకమైన మార్గం మామూలు వాడకందారు చేతిలో లేదు. అందుకే ప్రతి హోటల్ వైఫైనీ నకిలీ అనుకునే వాడటం తెలివైన పని.

లాప్‌టాప్ తనంతట తానే కలిసిపోవడం ఇంకో తలనొప్పి. ఒకసారి వాడిన వైఫై పేరును అది గుర్తుపెట్టుకుంటుంది. సెంట్రల్ స్టేషన్‌లో రైల్‌టెల్ వాళ్ల రైల్‌వైర్ వైఫై వాడారనుకుందాం. దానికి పాస్‌వర్డ్ లేదు, తర్వాత వచ్చే పేజీలో ఫోన్ నంబరు, ఓటీపీ అడుగుతుంది. తాళం లేని వైఫైని లాప్‌టాప్ గుర్తుపట్టేది పేరును బట్టే. రేపు ఎగ్మూరులోనో టీ నగర్‌లోనో ఎవరి బ్యాగులోనో ఉన్న పరికరం అదే పేరుతో పలికితే లాప్‌టాప్ అడగకుండానే కలిసిపోతుంది. పేరు పక్కన ఉండే ‘కనెక్ట్ ఆటోమేటిక్‌గా’ అన్న టిక్కు తీసేస్తే ఈ గొడవ ఉండదు.

మధ్యలో అడ్డుపడే పేజీ

హోటల్ వైఫైలో అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సిన చోటు లాగిన్ పేజీ. అది ఎలా వస్తుందో తెలిస్తే సగం మోసాలు అర్థమవుతాయి. వైఫైకి కలవగానే లాప్‌టాప్ ఒక పరీక్ష చేస్తుంది. విండోస్ అయితే మైక్రోసాఫ్ట్ వారి చిన్న పేజీ ఒకదాన్ని, మ్యాక్ అయితే యాపిల్ వారి పేజీని, ఎన్‌క్రిప్షన్ లేకుండా అడుగుతుంది. రావలసిన జవాబు వస్తే నెట్ ఉన్నట్టు. హోటల్ రౌటర్ ఆ అభ్యర్థనను మధ్యలోనే పట్టుకుని, అడిగిన పేజీకి బదులు తన లాగిన్ పేజీని పంపిస్తుంది. అంటే దొంగ చేసే పనినే హోటల్ కూడా చేస్తోంది, కాకపోతే మంచి ఉద్దేశంతో. అందుకే ఈ ఒక్కచోట అసలుకూ నకిలీకీ తేడా చెప్పడం కష్టం. రెండూ దారికి అడ్డుపడే పేజీలే.

ఫోన్ నంబరు, ఓటీపీ ఎందుకు అడుగుతారన్నదానికి మన దేశంలో వేరే కారణం ఉంది. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వెళ్లిన బెదిరింపు ఈమెయిల్, నవీ ముంబైలో తాళం లేని ఒక ఇంటి వైఫై నుంచి వెళ్లిందని దర్యాప్తులో తేలింది. ఆ తర్వాత 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ బహిరంగ వైఫై వాడేవాళ్లెవరో నమోదు కావాలని ఆదేశాలిచ్చింది. కాబట్టి పేజీలో ఫోన్ నంబరు అడగడం, దానికి ఓటీపీ రావడం మామూలే. గది నంబరు, ఇంటిపేరు అడగడమూ మామూలే.

అంతకు మించి అడిగితే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. గూగుల్‌తో లాగిన్ అవ్వండి అని జీమెయిల్ పాస్‌వర్డ్ అడిగే పెట్టెలు, వంద రూపాయలకు స్పీడు పెంచుతామని కార్డు నంబరు అడిగే పెట్టెలు ఆ బాపతు. హోటల్ నిజంగానే వైఫైకి డబ్బు తీసుకునేదైతే గది బిల్లులో కలపమని రిసెప్షన్‌లో చెప్పొచ్చు. వచ్చిన ఓటీపీ మెసేజ్‌ను కూడా చదవాలి. వైఫై కోసమని అడిగిన చోట బ్యాంకు నుంచో వాట్సాప్ నుంచో ఓటీపీ వచ్చిందంటే ఆ నంబరుతో అవతల ఎవరో వేరే పని చేస్తున్నట్టే. ఆత్రంలో ఆరంకెలు మాత్రమే చూసి కొట్టేయడం మనందరికీ అలవాటు.

ఆధార్ నంబరు అడిగే వైఫై పేజీకి ఇవ్వాల్సిన పని లేదు. ఇక్కడ ఒక చిత్రం ఉంది. వైఫై అంటే ఇంత జంకేవాళ్లు చెక్-ఇన్ సమయంలో ఆధార్ జిరాక్స్‌ను ఏ ఆలోచనా లేకుండా కౌంటర్ మీద పెట్టేస్తారు. 2022 మేలో ఆధార్ జారీ చేసే ఉడాయ్ సంస్థ బెంగళూరు కార్యాలయం జిరాక్సులు ఎక్కడపడితే అక్కడ ఇవ్వొద్దని, హోటళ్లను ప్రత్యేకంగా ప్రస్తావిస్తూ ఒక ప్రకటన ఇచ్చింది. జనం కంగారు పడటంతో రెండు రోజుల్లో కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ మాత్రం అప్పుడూ ఇప్పుడూ అందుబాటులో ఉంది.

లాగిన్ పేజీ రాకపోవడం ఇంకో రకం ఇబ్బంది. వైఫై కలిసినట్టే ఉంటుంది, ఏ సైటూ తెరుచుకోదు, లేదా ‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అని ఎర్రటి హెచ్చరిక వస్తుంది. మనం హెచ్‌టీటీపీఎస్ సైటు అడిగితే రౌటర్ అడ్డుపడబోయింది, బ్రౌజర్ దాన్ని పట్టేసింది. ఆ హెచ్చరికను దాటి ముందుకు వెళ్లే బటన్ నొక్కకూడదు. నెవర్‌ఎస్ఎస్ఎల్.కామ్ అనే సైటు సరిగ్గా ఈ అవసరానికే ఉంది. దానికి ఎన్‌క్రిప్షన్ ఉండదు కాబట్టి రౌటర్ తేలిగ్గా అడ్డుపడి తన పేజీ చూపించగలదు. అప్పటికీ రాకపోతే లాప్‌టాప్‌లో సొంతంగా పెట్టుకున్న డీఎన్ఎస్ (సైటు పేర్లకు దారి చెప్పే సర్వర్) అంకెలు అడ్డు కావచ్చు, దాన్ని ఆటోమేటిక్‌లో పెట్టి చూడాలి. లాగిన్ అయిపోయాక కూడా బ్యాంకు సైటు మీద ఆ ఎర్ర హెచ్చరిక వస్తే ఒకసారి లాప్‌టాప్ గడియారం, తేదీ సరిగా ఉన్నాయో చూడాలి. అవి తప్పుగా ఉన్నా హెచ్చరిక వస్తుంది. అవి సరిగానే ఉంటే ఆ వైఫైని వదిలేయడమే.

తాళం గుర్తు చూసుకోండి అన్న సలహా పాతబడింది. 2023లో క్రోమ్ బ్రౌజర్ ఆ గుర్తునే తీసేసింది. దొంగ సైట్లు కూడా ఉచిత సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నప్పుడు తాళం చూసి ఏం లాభం? చూడాల్సింది అడ్రసు. ఈ విషయంలో బ్యాంకుల వరకు పని కాస్త సులువైంది. మన బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చివరతో ఉండే అడ్రసులకు మారాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. ఆ పేర్లను రిజర్వు బ్యాంకు హైదరాబాద్‌లో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ సంస్థ ఒక్కటే ఇస్తుంది, బ్యాంకులకు తప్ప ఇంకెవరికీ దొరకవు. కాబట్టి అడ్రసు చివర చూసుకోవడం తాళం గుర్తుకన్నా గట్టి పరీక్ష.

మొదటి పేజీలో ‘వీడియో ప్లేయర్ పాతదైంది, అప్‌డేట్ చేయండి’ అని గానీ, ‘మా వైఫై యాప్ వేసుకోండి’ అని గానీ వస్తే అక్కడితో ఆగిపోవాలి. 2014 నవంబరులో కాస్పర్‌స్కీ సంస్థ డార్క్‌హోటల్ అని పేరుపెట్టి బయటపెట్టిన వ్యవహారం సరిగ్గా ఇదే. ఆసియాలోని ఖరీదైన హోటళ్లలో దిగిన కంపెనీ పెద్దలు గది నంబరు, ఇంటిపేరు కొట్టి వైఫైలోకి వెళ్లగానే ఫ్లాష్ లాంటి పేరున్న సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్ వచ్చిందని కనబడేది. నొక్కినవాళ్ల లాప్‌టాప్‌లోకి గూఢచర్యం చేసే ప్రోగ్రాము దిగేది. అక్కడ హోటల్ వైఫై అసలుదే, పేజీ కూడా హోటల్‌దే. గ్రీమ్స్ రోడ్డు లాడ్జికి అంత పెద్ద ముఠా రాదు, నిజమే. కానీ ఆ ఉపాయం మాత్రం ఎవరైనా వాడుకోగలిగినంత సులువైనది. అప్‌డేట్లు ఊరు బయలుదేరే ముందు ఇంటి దగ్గరే చేసుకుంటే, ప్రయాణంలో అప్‌డేట్ అడిగే ప్రతి పేజీనీ అబద్ధమనుకోవచ్చు.

లాప్‌టాప్ తీసి పెట్టిన తలుపులు

హోటల్ వైఫైలో ఉన్నవన్నీ ఒకే ఇంట్లో ఉన్నట్టు లెక్క. మంచి రౌటర్లలో ఒక గది లాప్‌టాప్ ఇంకో గది లాప్‌టాప్‌ను చూడకుండా ఆపే సదుపాయం ఉంటుంది, చాలాచోట్ల దాన్ని ఎవరూ ఆన్ చేసి ఉండరు. విండోస్‌లో కొత్త వైఫైకి కలిశాక అది పబ్లిక్ నెట్‌వర్కా, ప్రైవేట్ నెట్‌వర్కా అన్న ఎంపిక సెట్టింగ్స్‌లో ఉంటుంది. ప్రింటర్ కనబడటం లేదని ఇంట్లో ప్రైవేట్ పెట్టే అలవాటున్నవాళ్లు ఇక్కడా అదే నొక్కుతారు. పబ్లిక్‌లో పెడితే లాప్‌టాప్ పక్కవాళ్లకు కనబడదు, షేర్ చేసిన ఫోల్డర్లు మూసుకుంటాయి. ఒక్క టిక్కుకు ఇంత ఫలితం ఉన్నది ఈ వ్యవహారం మొత్తంలో ఇంకోటి లేదు. మ్యాక్‌లో ఫైల్ షేరింగ్ ఆపి, బయటి నుంచి వచ్చే కనెక్షన్లను అడ్డుకునే ఫైర్‌వాల్ ఆన్ చేసుకోవాలి, దగ్గర్లోని యాపిల్ పరికరాల మధ్య ఫైళ్లు పంపే ఎయిర్‌డ్రాప్‌ను అందరికీ తెరిచి ఉంచకూడదు.

తలుపు తెరిచి ఉంటే ఏమవుతుందో చెప్పడానికి 2017 చాలు. విండోస్ ఫైల్ షేరింగ్‌లోని ఒక లోపాన్ని మైక్రోసాఫ్ట్ మార్చిలో సరిచేసింది. ఆ అప్‌డేట్ వేసుకోని కంప్యూటర్లను మేలో వానాక్రై అనే దొంగ ప్రోగ్రాము ప్రపంచమంతటా పట్టుకుంది. అదే ఏడాది ఆగస్టులో, అదే లోపాన్ని వాడుకుని యూరప్ హోటళ్ల వైఫైల్లో అతిథుల వివరాల కోసం వేట సాగిందని ఫైర్‌ఐ సంస్థ వెల్లడించింది. చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు ఆఫీసుల్లో పనిచేసే మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు ఒక మాట అదనం. పరీక్ష కోసం లాప్‌టాప్‌లో నడుపుతున్న సర్వర్ చాలాసార్లు పాస్‌వర్డ్ లేకుండా, నెట్‌వర్క్‌లో అందరికీ వినబడేలా ఉంటుంది. ఆఫీసులో అడిగేవాడు లేడు, హోటల్‌లో పక్కగదివాడు ఎవడో తెలియదు.

వీపీఎన్ గురించి చెప్పేవాళ్లు ఎక్కువ, దాని హద్దు చెప్పేవాళ్లు తక్కువ. లాప్‌టాప్ నుంచి వీపీఎన్ కంపెనీ దాకా ఒక గొట్టం వేసినట్టు, మధ్యలో లాడ్జివాళ్లకు సైటు పేరు కూడా కనబడదు. కానీ లాడ్జి మీద పెట్టని నమ్మకాన్ని ఆ కంపెనీ మీద పెడుతున్నాం. ఉచితంగా ఇచ్చే ఊరూ పేరూ లేని వీపీఎన్ మీద ఆ నమ్మకం పెట్టడం కంటే వీపీఎన్ లేకుండా ఉండటమే నయం. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్, వాడకందారుల వివరాలు ఐదేళ్లు దాచాలని వీపీఎన్ కంపెనీలను ఆదేశించడంతో కొన్ని పెద్ద కంపెనీలు ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి. దాంతో వేరే దేశం సర్వర్ మీదుగా వెళ్తే కొన్ని బ్యాంకు, ప్రభుత్వ సైట్లు తెరుచుకోక 20వ తేదీ రాత్రి ఇంకో టెన్షన్. పైగా లాగిన్ పేజీ దాటేదాకా వీపీఎన్ కలవదు కాబట్టి, ప్రమాదం ఎక్కువున్న ఆ మొదటి నిమిషాల్లో అది పక్కన ఉండదు. ఆఫీసువాళ్లు ఇచ్చిన వీపీఎన్ ఉంటే ఆఫీసు పనికి అదే వాడాలి, అందులో సందేహం లేదు.

డబ్బుకు సంబంధించిన పనికి అన్నిటికన్నా తేలికైన దారి ఫోన్ హాట్‌స్పాట్. ఆంధ్రా సిమ్ చెన్నైలోనూ అదే ప్లాన్ మీద పనిచేస్తుంది. రిటర్ను వేయడానికి, డిపాజిట్ తీయడానికి ఖర్చయ్యే డేటా కొద్ది ఎంబీలే. వీడియో మీటింగులూ సినిమాలూ లాడ్జి వైఫై మీద, బ్యాంకు పని హాట్‌స్పాట్ మీద అని పంచుకుంటే రోజుకు ఒకటిన్నర జీబీ ప్లాన్ కూడా సరిపోతుంది. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపితే పక్కవాళ్లకు పేరు కూడా కనబడదు. ట్రిప్లికేన్ పాత మాన్షన్ల లోపలి గదుల్లో సిగ్నల్ అందదు, అలాంటప్పుడు లాప్‌టాప్ పట్టుకుని మేడ మీదికి వెళ్లాల్సిందే.

ఇన్ని జాగ్రత్తలు పడినవాళ్లు కూడా ఆసుపత్రి ఎదుటి జిరాక్స్ షాపులో పట్టుబడతారు. ఇన్సూరెన్స్ క్లెయిముకు ప్రింట్లు కావాలి, షాపు కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరుస్తారు, ఫోన్‌తో స్కాన్ చేస్తారు, ప్రింట్లు తీసుకుని టోకెన్ నంబరు పిలుస్తున్నారని పరుగెత్తుతారు. ఆ కంప్యూటర్‌లో వాట్సాప్ తెరిచే ఉంటుంది. వైఫై దొంగ ఎంత కష్టపడినా దొరకని సమాచారం అది. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ అన్న చోట చూస్తే ఏయే కంప్యూటర్లు ఇంకా అతుక్కుని ఉన్నాయో తెలుస్తుంది, అక్కడి నుంచే తెంచేయొచ్చు. జీమెయిల్‌కూ ఇలాంటి జాబితా ఉంది.

డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆ నంబరు దేశమంతటా ఒకటే. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు అవతలి ఖాతాలోనే నిలిచిపోయే అవకాశం అంత ఎక్కువ. ఊరికెళ్లాక చూద్దాంలే అని పినాకిని రైలు ఎక్కితే నెల్లూరు చేరేలోపు అది నాలుగు ఖాతాలు మారిపోవచ్చు. గది ఖాళీ చేసే రోజు సబ్బుపెట్టె, ఛార్జర్ వెతుక్కునేటప్పుడే వైఫై జాబితాలో లాడ్జి పేరు మీద ‘ఫర్‌గెట్’ కూడా నొక్కాలి.